వారానికి ఒక రోజు ఓపీ

ఈ సంక్రాంతికి కనుమ నాడు రాజాంలో మా అప్ప ఇంట్లో భోజనాలయ్యాయి. బావ ఎప్పటిలాగే పెద్ద గ్లాసు నిండా నీళ్ళు దగ్గర పెట్టుకుని, స్ట్రిప్పు వెనక రేకును బొటనవేలి గోటితో చీల్చి, ఇటుకరంగు బిళ్ళను అరచేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం దాన్ని చూసి నోట్లో వేసుకున్నాడు. అది ఇమాటినిబ్ అనే రక్త క్యాన్సర్ మందు, 400 మిల్లీగ్రాములు. పందొమ్మిదేళ్ళ పైచిలుకుగా మధ్యాహ్నం అన్నం తిన్నాక బావ చేసే మొదటి పని ఇదే. ఆ బిళ్ళ మొదలైనప్పుడు రెండో తరగతి చదువుతున్న మా మేనకోడలు కిందటేడు ఎండీ జనరల్ మెడిసిన్ పూర్తి చేసింది. సరిగ్గా ఆ సమయం చూసుకుని, తాను డీఎమ్ (సూపర్ స్పెషాలిటీ) ప్రవేశ పరీక్ష రాయడం లేదనీ, ముంబయిలో ఒక క్యాన్సర్ పరిశోధన సంస్థలో పీహెచ్‌డీకి చేరుతున్నాననీ, కొన్ని రకాల రక్త క్యాన్సర్లలో మందు కొన్నాళ్ళకు ఎందుకు పనిచేయడం మానేస్తుందో చూడడం తన పని అనీ చెప్పింది.

"ఏటే, డాక్టరు సదివి ఎలకలకి సూదులేస్తావా?" అంది అప్ప.

రిటైరైన హెడ్మాస్టరు మా చిన్నాన్న ఇంకొంచెం పెద్దమనిషి తరహాలో, "అన్ని మందులు కనిపెట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారికే ఏమీ ఒరగలేదు, నీకేం ఒరుగుతుందమ్మా?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. విజయనగరంలో ఇరవై ఎనిమిదేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నవాణ్ణి కనుక మా ఇళ్ళలో వైద్యానికి సంబంధించిన తీర్పులు నా దగ్గరికే వస్తాయి. ఆ రోజు నేను అప్ప పక్షమే మాట్లాడాను. పీహెచ్‌డీ ఫెలోషిప్పు నెలకు 37 వేలు. ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫిజీషియన్‌గా చేరితే రెండు లక్షలిస్తామని ఆమెకు అప్పటికే కబురు పెట్టింది. అయితే నా అభ్యంతరం డబ్బు గురించి కాదు. కీమోథెరపీ కోసం తెల్లవారుజామున మొదటి బస్సుకు విశాఖ వెళ్ళి, రాత్రి పదింటికి తిరిగి వచ్చి, వాంతుల బిళ్ళల కోసం నా షాపు ముందు నిలబడేవాళ్ళను ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు కావలసింది రోగిని చూసే డాక్టర్లు. ఉన్న ఒక్క పిల్లను కూడా ముంబయి ల్యాబుకు అప్పగించడం ఏమి న్యాయమని అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు. అరిసెల పళ్ళెం నా ముందుకు జరిపింది.

ఆ తర్వాత నెలన్నర ఆలోచించాక నా మాట చాలావరకు మార్చుకున్నాను. ఎందుకు మార్చుకున్నానో, ఎక్కడ ఇంకా మార్చుకోలేకపోతున్నానో రాసుకుంటే నాకే తేటపడుతుందని ఈ వ్యాసం.

బిళ్ళ వెనక డాక్టరు

2006 వేసవిలో బావకు ముప్పై ఎనిమిదేళ్ళు; ఒక జూట్ మిల్లులో సూపర్‌వైజరు. రాత్రిళ్ళు చెమటలు పట్టేవి, నాలుగు ముద్దలకే కడుపు నిండేది, ఎడమ పక్కటెముకల కింద ఏదో బరువుగా ఉండేది. చూసిన డాక్టరు చేతికి బల్ల (ఉబ్బిన ప్లీహం) తగిలింది. మన ఏజెన్సీ అంచుల్లో బల్ల అంటే మలేరియాయే కనుక ఆ కోర్సు ఇచ్చారు, తగ్గకపోతే మళ్ళీ ఇచ్చారు. మూడోసారి రక్త పరీక్షలో తెల్లకణాలు లక్షా ఎనభై నాలుగు వేలని తేలితే, ల్యాబు కుర్రాడు తన లెక్క మీద తనకే నమ్మకం కలగక స్లయిడు మళ్ళీ చూశాడు. విశాఖలో మూలుగ పరీక్ష చేసి దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అన్నారు.

బావ అదృష్టవంతుడని అప్పట్లో నాకు తెలుసు గాని ఎంత అదృష్టవంతుడో తెలియదు. ఆ బిళ్ళకు పేటెంటు ఇవ్వమని కంపెనీ పెట్టుకున్న దరఖాస్తును చెన్నై పేటెంటు కార్యాలయం తిరస్కరించింది ఆ ఏడాది జనవరిలోనే. కంపెనీ బ్రాండు అప్పట్లో నెలకు దాదాపు 1,20,000 రూపాయలు. మన దేశంలో తయారైన జెనరిక్ ఎనిమిది నుంచి పది వేలు. రెండో అంకె అప్పు చేసి కట్టగలిగేది, మొదటిది ఇల్లు పొలం అమ్మినా ఏడాదికి చాలనిది. అప్ప గాజులు కుదువకు వెళ్ళాయి, బావ మిల్లుకు తిరిగి వెళ్ళాడు.

ఆ బిళ్ళ ఎలా పుట్టిందో నాకు చెప్పింది మేనకోడలే, పండగ వెళ్ళాక ఫోన్లో, మూడు నాలుగు సాయంత్రాలు. 1960లో ఫిలడెల్ఫియాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ జబ్బు ఉన్నవాళ్ళ కణాల్లో ఒక క్రోమోజోము ఉండవలసినదానికంటే పొట్టిగా ఉందని చూశారు. 1973లో షికాగోలో జానెట్ రౌలీ అనే డాక్టరమ్మ, నలుగురు పిల్లల తల్లి, క్రోమోజోముల ఫొటోలు ఇంటికి తెచ్చుకుని భోజనాల బల్ల మీద కత్తిరించి వరసలు పేర్చి, తొమ్మిదో క్రోమోజోమూ ఇరవై రెండోదీ ముక్కలు ఇచ్చిపుచ్చుకున్నాయని తేల్చింది. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఎగతాళి చేసేవారట. ఆ మార్పిడిలో రెండు జన్యువులు అతుక్కుని, ఆగమంటే ఆగని ఒక ఎంజైము తయారవుతుందనీ, తెల్లకణాలను అదుపు తప్పించేది అదేననీ తర్వాత తెలిసింది.

ఇక్కడికి వచ్చేసరికి ఒక పెళ్ళిళ్ళ పేరయ్య కావలసి వచ్చాడు. స్విట్జర్లాండులోని సీబా-గైగీ కంపెనీలో నిక్ లైడన్ బృందం దగ్గర ఇలాంటి ఎంజైములను అడ్డుకునే పదార్థాలు ఉన్నాయి. ఆసుపత్రుల్లో రోగులు ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. సంబంధం కలిపినవాడు బ్రయాన్ డ్రూకర్ అనే క్యాన్సర్ డాక్టరు. ఆ పదార్థాలకు తగిన జబ్బు ఇదేనని పట్టుబట్టింది అతనే. అతను పనిచేసే బోస్టన్ సంస్థకు ఇంకొక మందుల కంపెనీతో ఒప్పందం ఉండడం వల్ల ఆ స్నేహం సాగలేదు. 1993లో పోర్ట్‌లాండుకు మారాడు; మారగానే లైడన్‌కు ఫోన్ చేసి, మీ దగ్గర ఉన్నవాటిలో మంచిది పంపమన్నాడు. వచ్చినదాన్ని రోగుల కణాల మీద వేస్తే జబ్బు కణాల గుంపులు 92 నుంచి 98 శాతం తగ్గాయి, మామూలు కణాలు బతికే ఉన్నాయి. అది 1996లో అచ్చయింది. మనుషులకు ఇవ్వడం మొదలైంది మాత్రం 1998 జూన్‌లో. మధ్యలో జంతువుల కాలేయం దెబ్బతింటోందన్న భయం, కంపెనీల విలీనం, అమెరికాలో ఏటా ఐదు వేల మందికి కూడా రాని జబ్బుకు మందు చేసి ఎవరికి అమ్ముతామన్న లెక్క. ఆ కాలమంతా అతను రోగులను చూస్తూనే, కంపెనీని కదిలిస్తూనే ఉన్నాడు.

2001 ఏప్రిల్‌లో అచ్చయిన ఫలితం చూడండి: అంతకుముందు మందులు పనిచేయక, రోజుకు 300 మిల్లీగ్రాములూ అంతకంటే ఎక్కువా తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. మే 10న అమెరికా ప్రభుత్వం అనుమతించింది. దాదాపు పదకొండేళ్ళు వెంటాడి చూసిన తర్వాత 2017లో ఇచ్చిన లెక్కలో, ఆ బిళ్ళతో మొదలుపెట్టినవాళ్ళలో 83 శాతం మంది బతికి ఉన్నారు. మా బావ లాంటివాళ్ళు.

నేను మందులు అమ్మేవాణ్ణి. మందు అంటే ఇన్నాళ్ళూ నా దృష్టిలో కంపెనీ, కెమిస్టు, స్టాకిస్టు, నేను. ఈ వరసలో డాక్టరు చివర చీటీ రాసేవాడు. వరసకు మొదట్లో కూడా ఒక డాక్టరు ఉండవచ్చనీ, ఏ జబ్బుకు ఏ పదార్థం అన్న ప్రశ్న ఓపీలో కూర్చున్నవాడికే తోచవచ్చనీ నాకు తట్టలేదు. నా అభిప్రాయంలో కదిలిన మొదటి ఇటుక అది.

ఒక్క బిళ్ళను చూసి

కదిలింది గాని పడలేదు. ఎందుకంటే ఈ కథను ఇలా చెప్పుకోవడంలో ఒక మోసం ఉంది. బావ బతికింది డ్రూకర్ వల్ల మాత్రమే కాదు. చెన్నై పేటెంటు కార్యాలయంలో దరఖాస్తు చదివిన అధికారి వల్ల, హైదరాబాదులో జెనరిక్ తయారు చేసిన నాట్కో లాంటి కంపెనీల వల్ల, చివరకు 2013 ఏప్రిల్ 1న కంపెనీ అప్పీలును కొట్టేసిన సుప్రీం కోర్టు వల్ల కూడా. మందును కనిపెట్టినవాడికి మందు ధర మీద చెయ్యి ఉండదు. మేనకోడలితో ఈ మాటే అంటే, "మందే లేకపోతే హైదరాబాదు వాళ్ళు దేన్ని చౌకగా చేసేవారు మావయ్యా?" అంది. నిజమే గాని, ఆమె పదేళ్ళు కష్టపడి కనిపెట్టేది లక్ష రూపాయల బిళ్ళ అయితే దాన్ని నా షాపులో ఎవరికి అమ్మాలి అన్న నా ప్రశ్నకు అది పూర్తి జవాబు కాదు.

అంతకంటే పెద్ద మోసం ఇంకొకటి. ఈ లుకేమియాకు మూలం దాదాపుగా ఒకే తప్పు. ఆ తప్పును సరిదిద్దితే మనిషి లేచి నడిచాడు. చాలా క్యాన్సర్లు అలాంటివి కావు. ఒక దారి మూస్తే ఇంకొక దారి వెతుక్కుంటాయి. అదృష్టం కలిసొచ్చిన ఒక్క కథను చూసి పాతికేళ్ళ పిల్లలు జీవితం ధారపోయడం లాటరీ టిక్కెట్టు కొనడం లాంటిదని నేను వాదించాను. దానికి ఆమె చెప్పినది ఇంకో మందు కథ. నా షాపుకూ దానికీ సంబంధం ఉంది కనుక అది నన్ను ఎక్కువగా పట్టుకుంది.

జెఫిటినిబ్ అనే బిళ్ళకు 2003లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. వేసుకున్నవాళ్ళలో ఎక్కువ మందికి లాభం లేదు. అందరినీ కలిపి సగటు తీస్తే అది పనికిరాని మందే. 2005 నాటికి అక్కడ దాని వాడకాన్ని బాగా కుదించారు కూడా. అయితే ఓపీల్లో డాక్టర్లు ఒక వింత చూస్తున్నారు. పదిమందిలో ఒకరు, ఆక్సిజన్ మీద ఉన్నవారు, కొన్ని వారాల్లో లేచి పనుల్లో పడుతున్నారు. వాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ, ఎన్నడూ పొగ తాగనివాళ్ళు ఎక్కువ, ఆసియా వాళ్ళు ఎక్కువ. సగటు తీసేవాడికి ఆ ఒక్కరూ కనబడరు. కనబడేది ఎదురుగా కూర్చున్న డాక్టరుకు. బోస్టన్‌లో అలాంటి డాక్టర్లే ఆ రోగుల కణితి ముక్కలు తీసి జన్యువులు చదివారు. 2004లో వచ్చిన ఫలితం: మందు పనిచేసిన తొమ్మిది మందిలో ఎనిమిది మందికి ఒకే జన్యువులో మార్పు ఉంది; పనిచేయని ఏడుగురిలో ఒక్కరికీ లేదు. అంటే మందు చెడ్డది కాదు, దాన్ని వేసుకున్న మనుషులు వేరు. ముందు పరీక్ష చేసి, ఆ మార్పు ఉన్నవాళ్ళకే బిళ్ళ ఇవ్వడం అక్కడి నుంచి మొదలైంది.

చీపురుపల్లి నుంచి ఒక టీచరమ్మ భర్త ఆ బిళ్ళ కోసం నా దగ్గరకు వచ్చేవాడు. ఆవిడ జన్మలో చుట్టా బీడీ ఎరగని మనిషి. మొదటి నెల ఆయన భుజాలు వంగిపోయి వచ్చాడు. మూడో నెల, "బడికి వెళ్తోందండీ" అన్నాడు. రెండేళ్ళ రెండు నెలల పాటు ఆ చీటీ వచ్చింది, ఆ తర్వాత రాలేదు. మా వ్యాపారంలో చావు కబురు మాకు అలాగే తెలుస్తుంది, ఎవరూ వచ్చి చెప్పరు. ఆ బిళ్ళకు లొంగని కణాలు ఎలా పుడతాయో కూడా డాక్టర్లే తేల్చారు, వాటి మీద పనిచేసే ఇంకొక బిళ్ళకు 2015లో అనుమతి వచ్చింది. అది నా షాపులోకి, ఆ కుటుంబం కొనగలిగే ధరలో, ఆవిడ ఉండగా రాలేదు.

రెండేళ్ళ రెండు నెలలు ఎక్కువా తక్కువా అన్నది నేను తేల్చగలిగేది కాదు. బడికి వెళ్ళిన మనిషిని అడగాలి.

పెద్దమ్మ చుట్ట

నా వాదనకు గట్టి దెబ్బ నా ఇంట్లోంచే తగిలింది. కళింగపట్నం దగ్గర తీరంలో ఉండే మా పెద్దమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళెవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం: నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళి నేను ఆమె నోటి వైపే చూస్తూ కూర్చునేవాణ్ణి. పెదవులు బిగించి, మధ్య మధ్య నివురు ఉమ్మి, మళ్ళీ బిగించి, ఆ చుట్ట తీయకుండానే చేపలు తోమేది, పిండి రుబ్బేది, నన్ను తిట్టేది. ఎందుకలా అని అడిగితే, సముద్రం గాలికి ఆరదనీ, చంకలో పిల్లడికి నిప్పు తగలదనీ, ఒక్క చుట్ట పూటంతా వస్తుందనీ చెప్పేది. మూడూ మంచి కారణాలే. 1991లో అంగిలి మీద పుండుతో పోయింది.

మందులతో బాగు చేయడం ఎంత గొప్పదైనా, మా పెద్దమ్మ లాంటివాళ్ళకు కావలసింది లక్ష్యం చూసి కొట్టే బిళ్ళ కాదు. ఎవరో ఒకరు ఆమె నోట్లోంచి ఆ చుట్ట తీయించడం. శ్రీకాకుళం తీరంలో ఒక డాక్టరు చుట్ట మానిపిస్తూ తిరిగితే కాపాడే ప్రాణాలకూ, ముంబయి ల్యాబులో ఒక ఎంజైము వెనక పదేళ్ళు తిరిగితే కాపాడే ప్రాణాలకూ పోలిక ఎక్కడ? ఈ మాట ఆమెతో అన్నప్పుడు గెలిచాననుకున్నాను.

ఆమె నన్ను ఒకే ప్రశ్న అడిగింది. "అడ్డపొగ వల్లే అంగిలికి క్యాన్సర్ వస్తుందని నీకెలా తెలుసు మావయ్యా?"

అందరికీ తెలుసు కదా అనబోయి ఆగాను. పెద్దమ్మకు తెలియదు. ఆమె తల్లికీ తెలియదు. లోకంలో మిగతా చోట్ల గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. ఇక్కడే ఎందుకు వస్తోందని మొదట అడిగినవాళ్ళు రోగుల నోళ్ళు చూస్తున్న డాక్టర్లే. విశాఖ ఆంధ్రా వైద్య కళాశాల వైద్యులు 1950ల్లోనే దీని మీద రాశారు. 1960ల్లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చి దంత వైద్యులు దేశంలో ఐదు జిల్లాల పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి 50,915 మంది నోళ్ళు చూశారు. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిలిలో తెల్లమచ్చలూ ఎర్రచుక్కలూ ఎలా మొదలవుతాయో లోకానికి తెలిసింది మన పల్లెల నోళ్ళు చూసే. తర్వాత 1977లో మూడు జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్ళను ఎంచుకుని, ఏటేటా ఇంటికి వెళ్ళి నచ్చజెపితే మానతారా, మానితే ఆ మచ్చలు తగ్గుతాయా అని చూశారు. తగ్గుతాయని తేలింది. ఆ మూడింటిలోనూ శ్రీకాకుళం ఉంది.

చుట్ట మానిపించే డాక్టరుకు ఏమి చెప్పాలో తెలిసింది అలాంటి పని వల్ల. నేను విడదీసి పోటీ పెట్టిన రెండు పనులూ నిజానికి ఒకటే పని, రోగిని చూస్తూ ప్రశ్న అడగడం. ప్రశ్న ఒకసారి ఎంజైము దగ్గరికి తీసుకెళ్తుంది, ఒకసారి చుట్ట దగ్గరికి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బు గురించి ఇక్కడ మళ్ళీ వివరించనక్కరలేదు. డయాలసిస్ పడకలు పెరిగాయి, పలాసలో ఆసుపత్రి వచ్చింది, మంచినీళ్ళు వచ్చాయి, మంచిదే. కిడ్నీలు ఎందుకు పోతున్నాయన్న ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ తిరుగులేని జవాబు లేదు. అడిగేవాళ్ళు బయటి నుంచి వచ్చి, నమూనాలు పట్టుకుని వెళ్ళిపోయారు. రోజూ ఆ రోగులను చూసే స్థానిక డాక్టరుకు తలెత్తే తీరిక ఎవరూ ఇవ్వలేదు.

చిన్నాన్న మాటకు కూడా ఇక్కడే జవాబు చెప్పేస్తాను. ఎల్లాప్రగడ గారిని మనం నోబెల్ రాని మనిషిగా తలుచుకుని నిట్టూర్చడం అలవాటు చేసుకున్నాం గాని, ఆయన మద్రాసులో ఎల్ఎంఎస్ అనే వైద్య పట్టా పుచ్చుకున్న డాక్టరనీ, ప్రాక్టీసు పెట్టుకుని ఉంటే మన తాతలు ఆయన్ను తెలివైనవాడనేవారనీ మరిచిపోతాం. అమెరికాలో లెడర్లే అనే మందుల సంస్థలో ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే పదిమందికి, కొంతకాలానికే అయినా, జబ్బు వెనక్కు తగ్గింది. 1948లో అది అచ్చయింది. ఆ ఆగస్టులోనే ఆయన పోయారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను మా అప్ప కీళ్ళవాతానికి వారానికొకసారి వేసుకుంటుంది. ఆయనకు ఒరిగిందేమిటో నాకు తెలియదు గాని, కనుమ నాడు ఆ అరిసెలు వత్తింది అప్ప వేళ్ళే.

పీ వేల్యూ ఎంత తక్కువ సార్

అయితే ఇదంతా ఒప్పుకున్నాక కూడా నాకు ఒక షరతు మిగిలింది. రోగి ముఖం చూడని డాక్టరు ల్యాబులో ఉంటే ఇంకొక శాస్త్రజ్ఞుడు పెరుగుతాడు, అంతే. దానికి ఎండీ దాకా చదివించనక్కరలేదు. కనుక ఆమెను సూటిగా అడిగాను: అక్కడ రోగులను చూస్తావా? వారానికి ఒక రోజు, బుధవారం, లుకేమియా ఓపీలో తన గైడుతో పాటు కూర్చోవాలట, ఆయనా డాక్టరే. మిగతా రోజులు ల్యాబు. "బుధవారం లేకపోతే నేను వెళ్ళను మావయ్యా" అంది. నేను పూర్తిగా ఆమె పక్షానికి మారింది ఆ మాటతో.

అది తలకిందులు చేసి చూస్తే మన దగ్గర లేనిదేమిటో కూడా తెలుస్తుంది. మా షాపు పక్కన ఒక డీటీపీ సెంటరు ఉంది. పీజీ చేసే డాక్టర్లు థీసిస్ టైపింగుకు అక్కడికి వస్తారు. ఒక సాయంత్రం ఒక కుర్ర డాక్టరు, రెండు రాత్రుల డ్యూటీ కళ్ళల్లో కనబడుతోంది, నిలబడే నిద్రపోయేలా ఉన్నాడు, సెంటరు అబ్బాయితో, "అన్నా, సార్ చూశారు, పీ వేల్యూ తక్కువ రావాలన్నారు" అన్నాడు. ఆ అబ్బాయి కీబోర్డు మీంచి తలెత్తకుండా, "ఎంత తక్కువ సార్?" అని అడిగాడు. పీ వేల్యూ అంటే ఫలితం కాకతాళీయమా కాదా అని అంచనా వేసే లెక్క; అది రోగుల వివరాల్లోంచి రావాలి గాని టైపు చేసేవాడు వేసేది కాదు. నేను నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు. రోజుకు నూట యాభై మందిని చూసి, రాత్రంతా వార్డులో నిలబడి, నెలాఖరులోగా ప్రశ్న కూడా పుట్టించమంటే అతను ఏం చేస్తాడు? పదోన్నతికి వ్యాసాలు కావాలి కనుక వ్యాసాలు వస్తున్నాయి. ప్రశ్నలు రావడం లేదు. డబ్బూ దస్కమూ ఉన్న అమెరికాలోనే, రోగులను చూస్తూ పరిశోధించే డాక్టరు అంతరించిపోయే జాతి అని 1979లో జేమ్స్ వింగార్డెన్ అనే అక్కడి డాక్టరు వాపోయాడట. వైద్యం, పరిశోధన కలిపి చదివించడానికి అక్కడి ప్రభుత్వం 1964 నుంచే ఖర్చు పెడుతున్నా.

విజయనగరంలో డ్రూకర్ ల్యాబు పెట్టమని నేను అడగను. శ్రీకాకుళంలో, విజయనగరంలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. ఒక్కొక్క దాంట్లో ఇద్దరు ముగ్గురు, నిజంగా కోరుకున్నవాళ్ళు మాత్రమే, వారానికి ఒక రోజు ఓపీ లేకుండా కూర్చుని, తమ రోగుల రికార్డులు తిరగేసుకోగలిగితే చాలంటాను. ఈ మాట మా వీధిలోని ఒక రిటైరైన సివిల్ సర్జనుతో అంటే, ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఆ ఒక్క రోజు చూడకుండా పంపేసిన నూట యాభై మందినీ నీ షాపు ముందు నిలబెట్టుకో, అప్పుడు మాట్లాడదాం" అన్నారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ నూట యాభై మందిలో మలేరియా మందు వేసుకుంటున్న ఇంకొక బావ ఉండవచ్చు. అయినా నా మాట వెనక్కు తీసుకోవడం లేదు.

ముప్పై బిళ్ళలు, ముప్పై ఐదు రోజులు

ముంబయి వెళ్ళే ముందు, ఫిబ్రవరి రెండో వారంలో, ఆమె వాళ్ళ నాన్న ఫైలు పట్టుకుని నా షాపుకు వచ్చింది. బావకు ఆరు నెలలకోసారి రక్తం హైదరాబాదు పంపి, ఆ పాడు జన్యువు ఇంకా ఎంత శాతం ఉందో చూస్తారు. 0.1 శాతం లోపు ఉంటే నిశ్చింత. బావది ఎప్పుడూ ఆ గీత మీదే ఊగేది. ఒకసారి కిందికి, రెండుసార్లు పైకి. మందు లొంగదీసుకోలేకపోతోందేమో, మ్యుటేషన్ (జన్యు మార్పు) పరీక్ష చేయించి ఇంకో బిళ్ళకు మారుద్దామని విశాఖ డాక్టరు అంతకుముందే అన్నారు. ఆమె పదేళ్ళ రిపోర్టులను ఒక గళ్ళ కాగితం మీద చుక్కలుగా పెట్టి గీత గీసింది. దాన్ని కౌంటరు మీద పరిచి, "నాన్న బిల్లులు నీ కంప్యూటర్లో ఉంటాయి కదా, తేదీలు తీయి" అంది.

తీశాను. జీఎస్టీ వచ్చిన దగ్గర నుంచి ప్రతి బిల్లూ ఉంది. పది బిళ్ళల స్ట్రిప్పులు మూడు, ప్రతిసారీ. ఆమె పెన్సిలుతో తేదీల మధ్య రోజులు లెక్కపెడుతూ పోయింది. ముప్పై ఐదు, ముప్పై ఐదు, ముప్పై నాలుగు, ముప్పై ఐదు.

"ముప్పై బిళ్ళలు ముప్పై ఐదు రోజులు ఎలా వస్తున్నాయి మావయ్యా?"

ఆ బిల్లులు కొట్టింది నేను. ఎన్నో ఏళ్ళుగా నా చేత్తోనే.

ఆ సాయంత్రం ఇద్దరం రాజాం వెళ్ళాం. బిళ్ళ ఎప్పుడైనా మానేస్తావా అని డాక్టర్లు అడిగిన ప్రతిసారీ లేదనే చెప్పిన బావ, కూతురు అడిగితే కూడా లేదనే అన్నాడు. ఆమె వేరేగా అడిగింది: వారంలో ఏ రోజు ఏ టైముకి వేసుకుంటావు నాన్నా, ఒక్కొక్కటీ చెప్పు. ఆదివారం నుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ వచ్చి శుక్రవారం దగ్గర ఆగాడు. "శనివారం అన్నం తిననుగా" అన్నాడు.

2006లో మొదటి చీటీ రాసిన డాక్టరు, వట్టి కడుపున వేసుకుంటే వికారం వస్తుందని, "అన్నం తిన్నాక వేసుకో" అన్నాడు. జబ్బు బయటపడిన వారంలోనే బావ వెంకటేశ్వర స్వామికి మొక్కుకుని శనివారాలు పట్టాడు. శనివారం అన్నం లేదు. అన్నం లేదు కనుక బిళ్ళ లేదు. ఆయన దృష్టిలో డాక్టరు మాటా తప్పలేదు, స్వామి మాటా తప్పలేదు. పది బిళ్ళలకు ఒకటి కంటే ఎక్కువ తప్పేవాళ్ళలో ఈ మందు బాగా వెనకబడుతుందని లండన్ డాక్టర్లు 2010లోనే లెక్క తేల్చారని ఆమె తర్వాత చెప్పింది. బావ ఏడింటికి ఒకటి తప్పిస్తున్నాడు.

"దీనికి ముంబయి దాకా ఎందుకే, ఇక్కడుండే కనిపెట్టావు కదా" అంది అప్ప. అది నా వాదనకు అనుకూలమో వ్యతిరేకమో ఇప్పటికీ తేల్చుకోలేదు. మేనకోడలు మాత్రం విశాఖ డాక్టరుకు ఫోన్ చేసి, మందు మార్చడం ఆరు నెలలు ఆపమని అడిగింది. ఆయన కాసేపు మాట్లాడకుండా ఉండి సరేనన్నారు.

ఆమె వెళ్ళిపోయింది. శనివారం రాత్రిళ్ళు అప్ప ఉప్మా చేసి ముందు పెట్టి, పెద్ద గ్లాసుతో నీళ్ళు పెడుతోంది. ఈసారి బావ స్ట్రిప్పుల కోసం ముప్పయ్యో రోజున వచ్చాడు.